పుఢే చలా... ముంబయి ఎర్రబస్సు ప్రయాణం

ఊరి నుంచి కొత్తగా దిగి పట్నం పోకడ తెలియక తికమకపడేవాణ్ని 'ఎర్రబస్సెక్కి వచ్చావా?' అని ఎకసెక్కమాడటం మనకు అలవాటు. ముంబయిలో ఈ మాట చెల్లదు. అక్కడ ఎర్రబస్సు ఎక్కడం రానివాడే ఊరి నుంచి వచ్చినవాడు.

ఆ సంగతి నాకు మొదటిసారి దాదర్ స్టేషన్ బయట తెలిసొచ్చింది. ఎదురుగా బస్సు వస్తోంది. నెత్తిన నంబరుంది. కానీ అది మరాఠీ అంకెల్లో ఉంది. మనకు తెలిసిన అంకెలు బస్సు పక్కన రాసి ఉంటాయట. పక్కకు వెళ్లి చదువుకుని, ఇదే మన బస్సని తేల్చుకునేలోపు అది కదిలిపోయింది. రెండో బస్సుకి ఓ చిత్రం తోచింది. మరాఠీ రెండు మన తెలుగు ౨ లాగే ఉంది. మూడు కూడా ౩కు దగ్గరే. నాలుగు మన ౪కు తోబుట్టువే. పంచాంగంలో తప్ప ఎక్కడా చూడక మరిచిపోయిన తెలుగు అంకెలు గుర్తుండి ఉంటే మొదటి బస్సు తప్పేది కాదు.

ఎక్కాక వినిపించే మొదటి మాట 'పుఢే చలా'. ముందుకు నడవండి అని. మన కండక్టర్లు 'జరగండమ్మా, లోపలికి జరగండి' అని వేడుకుంటారు, ముంబయి కండక్టరు రెండే మాటల్లో ముగిస్తాడు. చేతిలో టికెట్లు కత్తిరించే పంచ్‌తో కడ్డీ మీద టిక్ టిక్‌మని కొట్టేవాడు ఒకప్పుడు. ఆ చప్పుడు వింటే చిల్లర కోసం చేతులు వాటంతటవే జేబుల్లోకి వెళ్లేవి. 'రైట్ రైట్' అన్న కేక ఉండేది కాదు. తాడు ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే పోనీ.

ఈ బస్సుల పేరు బెస్ట్. గొప్ప కోసం పెట్టుకున్న పేరు కాదు, ఒకప్పటి బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రాన్స్‌పోర్ట్ అన్న నాలుగు మాటల పొడి అక్షరాలు. ఆ పేరులో బస్సు కంటే ముందు కరెంటు ఉంది. ఈ సంస్థ బతికినదీ, చితికినదీ ఆ కరెంటు వల్లే. ఇంకో సంగతి, ఇది మన ఆర్టీసీలా రాష్ట్ర ప్రభుత్వానిది కాదు. నగరపాలక సంస్థది. చెత్త ఎత్తే, కుళాయికి నీళ్లు వదిలే ఆఫీసే బస్సూ నడుపుతుంది.

గుర్రాల నుంచి మొదలు

1874 మే 9న ఈ ఊళ్లో తొలి ట్రాము కదిలింది. దాన్ని లాగింది గుర్రాలు. 1907లో కరెంటు ట్రాములు వచ్చాయి. ట్రాములకు కరెంటు కావాలి, ఆ కరెంటును ఇళ్లకూ అమ్మొచ్చు అన్న లెక్కతో ఒకే కంపెనీ రెండు వ్యాపారాలూ పెట్టుకుంది. మోటారు బస్సు వచ్చింది మాత్రం 1926 జూలై 15న, అఫ్గాన్ చర్చి నుంచి క్రాఫోర్డ్ మార్కెట్ దాకా. అప్పట్లో బస్సంటే కాస్త కలిగినవాళ్ల బండి, కూలినాలి జనానికి ట్రామే. అయినా ఆ ఏడాది డిసెంబరు ఆఖరుకు ఆరు లక్షల మంది ఎక్కారు. మరుసటి ఏడు ఆ లెక్క 38 లక్షలకు చేరింది. 1937లో డబుల్ డెక్కర్లు దిగాయి.

1947 ఆగస్టు 7న, దేశానికి స్వాతంత్ర్యం ఇంకా ఎనిమిది రోజులుందనగా, నగరపాలక సంస్థ ఆ కంపెనీని కొనేసింది. 242 బస్సులు, 23 రూట్లు, వాటితోపాటు కరెంటు సరఫరా, ట్రాములు ఊరి సొత్తయ్యాయి. పేరు చివర 'ట్రామ్‌వేస్' పోయి 'ట్రాన్స్‌పోర్ట్' వచ్చింది. చివరి ట్రాము 1964 మార్చి 31 రాత్రి బోరీబందర్ నుంచి దాదర్ దాకా వెళ్లి ఆగిపోయింది.

రైలు నిలువు, బస్సు అడ్డం

ముంబయి అనగానే లోకల్ రైలే గుర్తొస్తుంది. తప్పు లేదు. కానీ పటం ముందు పెట్టుకుని చూస్తే ఒకటి కనబడుతుంది. వెస్టర్న్, సెంట్రల్, హార్బర్ మూడు లైన్లూ దాదాపుగా ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా పోతాయి. ఊరు సన్నగా పొడుగ్గా ఉంది కాబట్టి పట్టాలూ అలాగే పడ్డాయి. మరి అడ్డంగా వెళ్లాల్సినవాడి సంగతి? అంధేరిలో దిగినవాడు సీప్జ్ ఎగుమతుల వాడకి పోవాలి, కుర్లాలో దిగినవాడు బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కి పోవాలి. స్టేషన్ నుంచి ఆఫీసు దాకా, ఆస్పత్రి దాకా, వాడలో సందు మొగ దాకా మిగిలిన ఆ మూడు నాలుగు కిలోమీటర్లు బస్సుదే. రైలు నగరాన్ని నిలబెట్టే వెన్నెముకైతే బస్సు పక్కటెముకలు.

దీవి నగరంలోకి, అంటే మాహిం, సయన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు. అక్కడ టాక్సీ, లేదంటే బస్సు. కాలినడక కూడా ఉందనుకోండి, కాకపోతే ముంబయి జూలైలో నడిచి చూసినవాళ్లు దాన్ని ప్రయాణం కింద లెక్కేయరు.

రైలు ఆగిపోయిన రోజున బస్సు విలువ బయటపడుతుంది. 2005 జూలై 26న సాంతాక్రుజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడి నగరం మునిగిపోయినప్పుడు ఎందరో ఆ రాత్రి నిలిచిపోయిన బస్సుల్లోనే తలదాచుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి లోకళ్లు మొదటిసారి నెలల తరబడి మూతపడ్డాయి. నర్సుల్ని, పారిశుధ్య కార్మికుల్ని, పోలీసుల్ని డ్యూటీకి చేర్చింది ఈ ఎర్రబస్సులే. వాటిని నడిపినవాళ్లలో పలువురు కొవిడ్‌తో పోయారు. కరోనా యోధులకని చప్పట్లు కొట్టిన మనకు వాళ్ల పేర్లు గుర్తొచ్చాయో లేదో.

మనవాళ్లకూ ఈ బస్సుకూ ఉన్న చుట్టరికం పాతది. కామాఠీపురా అన్న పేరే తెలుగు నేల నుంచి కూలికి వెళ్లి ఆ ఊరి భవనాలకు రాళ్లెత్తిన కామాఠీలది. తర్వాత కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలీలు వెళ్లి వర్లీ, లోయర్ పరేల్ బట్టల మిల్లుల్లో చేరారు. పాలమూరు జనం పునాదులు తవ్వడానికీ, రోడ్లు వేయడానికీ వెళ్లారు, ఇంకా వెళుతున్నారు. మిల్లు షిఫ్టు వదలగానే జనం బస్టాపు దగ్గర వరసగా నిలబడటం అక్కడ నేర్చుకున్న మర్యాద. ఈ క్యూ విషయంలో ముంబయికి మొక్కాలి. ఎంత రద్దీ ఉన్నా వరస తప్పరు. మనూళ్లో కిటికీలోంచి రుమాలు విసిరి సీటు 'పట్టే' విద్య అక్కడ పనికిరాదు.

1982 మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పొగగొట్టాల చోట అద్దాల మేడలు లేచాయి. వర్లీ వైపు ఓ బస్సులో నా పక్కన కూర్చున్న సిరిసిల్ల పెద్దాయన కిటికీలోంచి వాటిని చూపిస్తూ, ఏ మేడ కింద ఏ మిల్లు ఉండేదో ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. మిల్లు పోయింది, కార్మికుల చాళ్లు కూలుతున్నాయి, తనకు మిగిలింది ఈ బస్సు రూటొక్కటే అన్నారు. టికెట్ పెరగడం గురించి అడిగితే ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. టికెట్ కంటే ఎదురుచూపు బరువన్నది ఆయన లెక్క.

కండక్టర్ల గురించి ఓ ముక్క. బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ అనే కుర్రాడు ఈ బస్సుల్లో టికెట్లు కొడుతూ, మాటలతో, హావభావాలతో జనాన్ని నవ్విస్తూ ఉండేవాడు. నటుడు బల్‌రాజ్ సాహ్నీ కంట్లో పడ్డాడు. ఆయన గురుదత్ దగ్గరికి పంపితే జానీ వాకర్ అయ్యాడు. బెంగళూరు సిటీ బస్సు రజనీకాంత్‌నిచ్చిందని మనం చెప్పుకుంటాం కదా, ఆ వరసలో ముంబయిదే పెద్దపీట.

బల్బు కట్టిన టికెట్టు

అసలు కథ ఇక్కడుంది. 1947 నుంచి దశాబ్దాల పాటు బెస్ట్‌కి రెండు చేతులు. కొలాబా నుంచి సయన్, మాహిం దాకా దీవి నగరమంతటికీ కరెంటు అమ్మేది ఒక చెయ్యి, నగరమంతటా బస్సు నడిపేది రెండో చెయ్యి. కరెంటులో మిగిలింది, బస్సులో తరిగింది. కుడిచేత్తో వచ్చింది ఎడమచేత్తో పెట్టారు. దక్షిణ ముంబయి బంగళాలో నడిచిన ఏసీ, గోవండిలో ఎక్కిన కూలీ టికెట్‌లో కొంత కట్టింది. ఎవరూ కూర్చుని రాసిన సామ్యవాదం కాదు ఇది, ఒకే గుమస్తా రాసే పద్దుల పుస్తకం అంతే.

2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. కరెంటు పద్దు కరెంటుదే, బస్సు పద్దు బస్సుదే అనే వాదన బలపడింది. బస్సు నష్టాన్ని కరెంటు బిల్లులో వేరే పద్దుగా చూపించి వసూలు చేస్తే వినియోగదారులు గొడవకు దిగారు. వాళ్ల వాదనలోనూ న్యాయముంది. శివారులో ఉండేవాడికి వేరే కంపెనీ కరెంటిస్తుంది. అతనూ అదే బస్సెక్కుతాడు, కానీ నష్టం భరించేది మాత్రం దీవి నగరంలో మీటరున్నవాడే. కమిషన్లు, కోర్టులు తిరిగి చివరకు ఆ వసూలు ఆగిపోయింది. బల్బుకీ బస్సుకీ మధ్య తీగ తెగింది.

తీగ తెగాక ఆ స్థానంలో ఇంకేదో కట్టాలి. కట్టలేదు. అక్కణ్నుంచి బెస్ట్ పేరు పక్కన 'నష్టాల్లో ఉన్న' అన్న విశేషణం ఇంటిపేరులా అతుక్కుపోయింది.

ఈ 'నష్టం' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. వీధి దీపం కింద నిలబడ్డందుకు ఎవరూ టికెట్ కొట్టరు. ఫుట్‌పాత్ నిరుడు ఎంత నష్టపోయిందని ఏ కమిషనరూ లెక్క చెప్పడు. ఫ్లైఓవరుకు లాభనష్టాల ఖాతా లేదు, దానిది 'పెట్టుబడి'. బస్సు ఒక్కటే చేతిలో టికెట్ పుస్తకం పట్టుకుని కనిపిస్తుంది కాబట్టి దొరికిపోయింది.

ముంబయి పాలిక దేశంలోకెల్లా సంపన్నమైన నగరపాలక సంస్థ. 2025-26 బడ్జెట్ 74,427 కోట్ల రూపాయలు. అందులో బెస్ట్‌కి ఇస్తామన్నది 1,000 కోట్లు. రూపాయిలో పైసన్నర కూడా కాదు. అదే పాలిక 10.58 కిలోమీటర్ల తీర రహదారికి పెట్టింది 13 వేల కోట్లకు పైమాటే. సముద్రం పక్కన కార్లు దూసుకుపోయే దారి అది. ఒకటి ఏటేటా ఇచ్చే సాయం, ఇంకోటి ఒక్కసారి పెట్టే ఖర్చు, రెంటినీ పోల్చకూడదని లెక్కలు తెలిసినవాళ్లంటారు. నిజమే. కానీ రోజూ లక్షల మంది ఎక్కే బస్సు డబ్బులడిగితే బిచ్చమనీ, కార్ల దారి అడిగితే అభివృద్ధి అనీ రాసే పద్దు ఏ గుమస్తాదో తెలుసుకోవాలనిపిస్తుంది.

అద్దె బస్సు

2019 జనవరిలో సిబ్బంది తొమ్మిది రోజులు సమ్మె చేశారు. అదే ఏడాది జూలైలో బెస్ట్ ఎవరూ ఊహించని పని చేసింది. కనీస చార్జీని ఎనిమిది రూపాయల నుంచి అయిదుకు తగ్గించింది. ఏసీ అయితే ఆరు. టీ కంటే చవకగా ఏసీ ప్రయాణం. జనం వెనక్కొచ్చారు, షేర్ ఆటోల దగ్గర పలచబడ్డారు. చార్జీ తగ్గిస్తే బస్సు నిండుతుందని రుజువైంది. కానీ ఎక్కేందుకు బస్సులుండాలిగా.

2010 ప్రాంతంలో నాలుగు వేలు దాటి ఉండేవి. ఇప్పుడు మూడు వేల లోపే. వాటిలో బెస్ట్ సొంతవి కొన్ని వందలు, మిగతావన్నీ అద్దెవి. బండి కాంట్రాక్టరుది, డ్రైవరు కాంట్రాక్టరు మనిషి, కిలోమీటరుకింత అని బెస్ట్ చెల్లిస్తుంది. ఒంటి రంగు మాత్రం అదే ఎరుపు. పాత బండ్లు కాలం చెల్లి తప్పుకుంటుంటే వాటి చోట సొంతంగా కొనడం మానేశారు. సొంత బస్సులు 3,337 తగ్గకుండా చూస్తామని 2019లోనే యూనియన్‌తో ఒప్పందం రాసుకున్నారు. కాగితం భద్రంగానే ఉండి ఉంటుంది.

అద్దె పద్ధతిని పూర్తిగా తప్పుపట్టను. ఎలక్ట్రిక్ బస్సు ఖరీదు చూస్తే ఒక్కసారిగా కొనలేని సంస్థకు అదొక దారి. ముంబయి రోడ్ల మీద పొగలేని బస్సులు తిరుగుతున్నాయంటే ఆ పద్ధతి వల్లే. చిక్కల్లా పొరపాటు జరిగినప్పుడు ఎవర్ని పట్టుకోవాలన్నదే. గిట్టుబాటు కాలేదని కాంట్రాక్టర్లు మధ్యలో చేతులెత్తేసిన సందర్భాలున్నాయి. 2023 ఆగస్టులో అద్దె బస్సుల డ్రైవర్లు జీతాల కోసం వారం పాటు సమ్మె చేస్తే, బస్సులు మావి కావు, డ్రైవర్లు మావాళ్లు కారు అని చెప్పాల్సిన పరిస్థితిలో పడింది ఊరి సంస్థ. 2024 డిసెంబరు 9 రాత్రి కుర్లాలో ఓ ఎలక్ట్రిక్ బస్సు అదుపు తప్పి జనం మీదికి, బండ్ల మీదికి దూసుకెళ్లి ప్రాణాలు తీసింది. అదీ అద్దె బస్సే. అంత పెద్ద ఎలక్ట్రిక్ బండి నడిపేందుకు ఆ డ్రైవరుకు సరైన శిక్షణ ఇచ్చారా అన్న ప్రశ్న చాలా రోజులు పత్రికల్లో నలిగింది. డిపోలో ఏళ్ల తరబడి తర్ఫీదు పొంది, పింఛను మీద ఆశతో జాగ్రత్తగా నడిపే పాత డ్రైవర్ల తరం రిటైరవుతోంది.

2025 మే 9 నుంచి కనీస చార్జీ పదికి చేరింది. ఏసీ పన్నెండు. ఒక్కసారిగా రెట్టింపు. అదే ఏడాది అక్టోబరుకు కఫ్ పరేడ్ నుంచి ఆరే దాకా భూగర్భ మెట్రో మొత్తం తెరుచుకుంది. మెట్రో దిగినవాణ్ని మేడ మెట్ల దాకా చేర్చే పని మళ్లీ ఎర్రబస్సు మీదే పడింది.

డబుల్ డెక్కర్ల వీడ్కోలు గురించి చెప్పకపోతే ముంబయి వాళ్లు నొచ్చుకుంటారు. ఒకప్పుడు తొమ్మిది వందల దాకా ఉండేవి. పై అంతస్తులో ముందు సీటు కోసం పెద్దవాళ్లు కూడా పిల్లలైపోయేవారు. 2023 సెప్టెంబరు 15న అంధేరి అగార్కర్ చౌక్ నుంచి సీప్జ్ వెళ్లే 415 నంబరు బస్సుతో పాత డీజిల్ డబుల్ డెక్కర్ల కథ ముగిసింది. ఆ రోజు దానికి పూలదండలు కట్టి సాగనంపారు. వాటి చోట ఏసీ ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు అదే ఏడాది ఫిబ్రవరి నుంచే మొదలయ్యాయి. అంతా బాగానే ఉంది గానీ కిటికీ తెరుచుకోదు. వానాకాలం మెరీన్ డ్రైవ్ మీద ముఖాన కొట్టే ఉప్పుగాలి టికెట్‌లో కలిసి ఉండేది ఇదివరకు.

మన ఊళ్లలో ఎవరి బస్సు?

హైదరాబాద్‌లో నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ వారసత్వం నుంచే ఆర్టీసీ వచ్చింది. అంటే మన బస్సు మొదటి నుంచీ రాజ్యానిది, ఊరిది కాదు. విశాఖ, విజయవాడల్లోనూ సిటీ బస్సు ఆర్టీసీదే. ఇందులో మేలు లేకపోలేదు. మారుమూల పల్లెకూ మహానగరానికీ ఒకే సంస్థ. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఒక్క సంతకంతో రాష్ట్రమంతటా అమలైందంటే అందుకే.

కానీ కాలనీలోకి బస్సు రావడం లేదని మన కార్పొరేటరును నిలదీసి చూడండి. అది నా చేతిలో లేదంటారు. నిజంగానే లేదు. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత హైదరాబాద్‌లో వందల కొద్దీ సిటీ బస్సులు తగ్గించినప్పుడు నగరపాలక సంస్థలో దాని మీద ఓటు వేసే అధికారం ఎవరికీ లేదు. ముంబయిలో బెస్ట్ కమిటీ అని ఒకటి ఉండేది. చార్జీ పైసా పెరగాలన్నా కార్పొరేటర్ల ముందుకు రావాల్సి వచ్చేది. ఆ కమిటీలో రాజకీయం ఎంత ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు. అయినా 'మా వాడకు బస్సేదీ?' అని గల్లా పట్టుకునేందుకు ఓ మనిషి ఉండేవాడు. 2022 మార్చిలో పాలకవర్గం గడువు తీరాక ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు, ఆ గల్లా కూడా లేకుండా పోయింది. 2025లో చార్జీ రెట్టింపైంది ఆ ఖాళీలోనే.

ఊరు నడిపితే చాలు బస్సు బాగుపడుతుందనుకుంటే షోలాపూర్ చూడాలి. తెలుగు మాట్లాడే నేత కార్మికులు ఎందరో ఉన్న నగరం. దానికీ సొంత మున్సిపల్ బస్సులున్నాయి. చేతిలో డబ్బు లేని పాలిక ఆ సేవను నామమాత్రం చేసేసింది. ముంబయికి ఆ సాకు లేదు, డబ్బుంది.

మొన్న మళ్లీ కుర్లా స్టేషన్ బయట నిలబడ్డాను. సాయంత్రం ఆరున్నర. క్యూ రైల్వే గోడ దాకా పాకింది. ఫోన్‌లో యాప్ తెరిస్తే బస్సు నాలుగు నిమిషాల్లో వస్తుందంది. పది నిమిషాలయ్యాక చూస్తే ఇంకా నాలుగే నిమిషాలంది. నా ముందున్నామె టిఫిన్ సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది, వరసలోంచి కదల్లేదు. పక్కన షేర్ ఆటోవాడు ఇంకొక్కరు, ఇంకొక్కరు అని పిలుస్తున్నాడు. వెనకనుంచి ఇద్దరు అటు జారుకున్నారు.

అంతలో మలుపులో ఎరుపు కనిపించింది. నెత్తిన దీపాల అక్షరాల్లో నంబరు మరాఠీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి మారుతోంది. ఈసారి ఇంగ్లీషు కోసం ఆగలేదు, మరాఠీలోనే చదివేశాను. ౩, ౨... నాది కాదు. క్యూ సగం అందులోకి ఒదిగిపోయింది, లోపలి నుంచి ఎవరో 'పుఢే చలా' అంటున్నారు, మిగిలినవాళ్లం రెండడుగులు ముందుకు జరిగాం.